కార్డు పాముది, పెట్టెది కాదు

మా ఊరు హికోరీ సింక్‌లో అబద్ధం ఆడని మనిషి ఒక్కతే ఉంది. ఆవిడ ఓర్లీన్ స్టకీ. రెండో మనిషిని నేనే అయ్యుండేవాణ్ణి గానీ, అబద్ధంలో ఉన్న రుచి నిజంలో దొరక్క ఆ పదవి వదిలేసుకున్నాను.

ఒక చేత్తో మొసలి తోక అదిమిపట్టి రెండో చేత్తో ఏసీకి స్క్రూలు బిగించినవాణ్ణి నేను. మా బాబాయి మేకను రెండు దోమలు చెరో పక్కా పట్టుకుని ఎత్తుకుపోతుంటే, కింద నిలబడి బేరమాడి సగం మేకను వెనక్కి తెచ్చినవాణ్ణీ నేనే. ఫ్లోరిడా మొత్తం మీద ఈ రెండూ నమ్మినవాళ్ళు నలుగురైదుగురు దొరుకుతారు. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం ఒక్కరూ నమ్మరు. నిజంతో వచ్చే చిక్కు అదే, దానికి ముక్కూ మొహం దిద్దే వీలుండదు.

ఓర్లీన్ స్టకీ ముప్ఫై ఒక్క ఏళ్ళు మా ఊరి స్కూలు బస్సు నడిపింది. ఒక్క పిల్లకి గీత పడలేదు. ఇప్పుడు అరవై మూడేళ్ళు. పొట్టి మనిషి, నెరిసిన జడ, కాళ్ళకు ఎప్పుడూ రబ్బరు బూట్లు. ఆవిడ వెనకగదిలో పంతొమ్మిది విషప్పాములున్నాయి. తోకతో గిలక్కాయ ఆడించే మా ఊరి గిలకపాములు ఆరు, ఆఫ్రికా పచ్చ మాంబా ఒకటి, ఎండుటాకుల కుప్పలో పడుకుంటే ఆకులకే అనుమానం రాని గబూన్ పింజరలు రెండు, ఇంకా ఏవేవో. నాగుపాములు రెండు. ఊళ్ళో ఎవరింట్లోనైనా హాల్లో మనవల ఫొటోలుంటాయి. ఆవిడ హాల్లో మాత్రం, పాములు పెంచుకోవచ్చని రాష్ట్రం ఇచ్చిన అనుమతి పత్రం అద్దం కట్టి ఉంటుంది.

రాత్రిళ్ళు నాగుపామును దిండు కింద పెట్టుకుని పడుకుంటుందనీ, చలికాలం మాంబాను మెడకు చుట్టుకుని చర్చికి వస్తుందనీ ఊరంతా చెప్పుకునేవాళ్ళు. ఆ రెండూ పుట్టించింది నేనే. అసలు సంగతేమిటంటే, ముప్ఫై ఏళ్ళలో ఆవిడ ఒక్కసారి కూడా వాటిని వట్టి చేత్తో ముట్టుకోలేదు. ఇది చెబితే వినేవాళ్ళు ఆవలిస్తారు.

నాకూ ఆవిడకూ పరిచయం బస్సులోంచే. పదో తరగతి మధ్యలో ఒకరోజు పొద్దున బడి ముందు బస్సు ఆగితే అందరూ దిగారు, నేను కూర్చునే ఉన్నాను.

"దిగవా, డ్యూయీ?"

"దిగనండీ మిస్ ఓర్లీన్. చదువైపోయింది."

"ఎవరికి? నీకా, వాళ్ళకా?"

"ఇద్దరికీ పడి చావట్లేదు."

ఆవిడ అద్దంలోంచి నన్ను చూసి, బస్సు తిప్పి మా ఇంటి దగ్గర దింపింది. "ఏ పనైనా సరే, ఒక్కటి పూర్తిగా నేర్చుకో. ఏమీ రానివాడితో భయం లేదు రా. సగం వచ్చినవాడే ప్రమాదం," అంది. ఆ మాట ఇరవై రెండేళ్ళు నన్ను ఏమీ చెయ్యకుండా ఊరుకుంది.

నేను ఏసీల పనిలో పడ్డాను. ఆవిడ వెనకగది ఎప్పుడూ ఎనభై ఫారన్‌హీట్ డిగ్రీలకు అటూ ఇటూ పోకూడదు, అందుకని ఆ ఏసీని చూసే పని నాకొచ్చింది. గదికి రెండు తలుపులు. బయటిది మూసి గడియ పెట్టి, మధ్యలో సందులాంటి జాగాలో నిలబడి, అప్పుడు లోపలిది తియ్యాలి. తలుపుల కింద గాలి కూడా దూరనట్టు రబ్బరు పట్టీలు. గోడలకు రేకు కొట్టించింది. ఫోన్ తీసుకెళ్తే సిగ్నల్ ఉండదు, అందుకే వంటింటి గోడకు తీగ ఫోను. ప్రతి పెట్టెకీ తాళం. లోపలికి వెళ్ళగానే లెక్క, బయటికొచ్చే ముందు లెక్క. పంతొమ్మిది తలలు కళ్ళబడితేగాని ఆవిడ తలుపు మీద చెయ్యి వేసేది కాదు.

"ఈ పెట్టెలో ఏం లేదు కదండీ, దీని మీద స్పానర్లు పెట్టుకోనా?" అని మొదటిరోజు అడిగాను.

"ఈ గదిలో ఖాళీ పెట్టె అనేది లేదు. ఖాళీగా ఉన్నట్టు కనిపించేదే ఉంది. నీ బుర్రలాగా."

వాటికి పేర్లెందుకు పెట్టలేదో కూడా అడిగాను. కుక్కకి పెడతాం, పడవకి పెడతాం.

"పేరు పెడితే ముద్దొస్తుంది. ముద్దొస్తే చెయ్యి చాస్తావు. ఇక్కడ మనమంటే ఇష్టం ఎవరికీ లేదు, డ్యూయీ. అలవాటు ఉంది, అంతే. దాన్ని ఇష్టమనుకున్నవాళ్ళ ఫొటోలు చాలా పేపర్లలో చూశాను."

మరి ఎందుకు పెంచుకుంటున్నట్టు? అది నోరు తెరిచి అడగలేదు, ఎందుకంటే ఆవేళే నాకు జవాబు కనపడింది. ఆసియా నాగు పెట్టె దగ్గర వంగాను. నల్లని తాడు చుట్టలా పడుకున్నది మెల్లిగా లేచింది. లేవడం అంటే మనలా కాళ్ళూ చేతులూ కూడదీసుకుని లేవడం కాదు. నీళ్ళు పైకి పారితే ఎలా ఉంటుందో అలా. నా రొమ్ము ఎత్తుకి వచ్చి, మెడ విప్పి, పడగ పట్టి, అద్దం అవతల ఊగకుండా కదలకుండా నిలబడింది. నాలో నేను చెప్పుకుంటున్న అబద్ధాలన్నీ ఒక్కసారి నోరు మూసుకున్నాయి. తర్వాత అది పక్కకు తిరిగినప్పుడు పడగ వెనక గుండ్రటి మచ్చ కనిపించింది, లేత రంగు ఉంగరంలాగా, ఒకే ఒక్కటి.

"ఒంటికన్ను," అంది ఓర్లీన్ నా వెనకనుంచి. "ఆసియావాడికే ఉంటుంది. ఆ పక్క పెట్టెలోవాడు ఆఫ్రికా అడవినాగు. రంగొకటే, పొడుగొకటే, వాడి వీపు మీద మాత్రం ఏమీ ఉండదు. వీడి విషానికి మందు వేరు, వాడి విషానికి మందు వేరు. ఒకరి మందు ఇంకొకరి కాటుకు ఎక్కిస్తే నీళ్ళు ఎక్కించినట్టే."

అందుకే కార్డులు. ప్రతి పెట్టె ముందూ ప్లాస్టిక్ తొడుగులో తెల్ల కార్డు ఉండేది. పాము జాతి, విరుగుడు మందు పేరు, ఎన్ని సీసాలు కావాలి, ఎవరికి ఫోన్ చెయ్యాలి, అన్నీ పెద్దక్షరాల్లో. కాటు పడితే కార్డు పీకి, కాటు తిన్నవాళ్ళ చొక్కాకి పిన్నుతో గుచ్చాలి. పామును ఇంకో పెట్టెలోకి మారిస్తే కార్డూ దానితోనే వెళ్ళాలి. ఆవిడ బల్ల గుద్ది చెప్పే మాట ఒకటే: "కార్డు పాముది, పెట్టెది కాదు. నేను తప్ప ఎవరూ ముట్టుకోకూడదు."

"మీకు కార్డెందుకండీ? మీకు అన్నీ కంఠతా వచ్చు కదా."

"నాకు అక్కర్లేదు. నా నోరు పడిపోయిన రోజున నీలాంటివాడికి కావాలి."

ఇది గుర్తుపెట్టుకోండి. ఆవిడ ఆ కార్డుల వైపు చూసేది కాదు. పాముల్నే చూసేది. పాము చూడగానే తెలిసిపోయే మనిషి కార్డు ఎందుకు చదువుతుంది?

ఆగస్టులో ఒక శనివారం ఏసీ నీళ్ళ గొట్టం పూడుకుని, సరిగ్గా నాగుల పెట్టెల మీద కారింది. నేను వెళ్ళేసరికి ఆవిడ రెండింటినీ పొడుగాటి కొక్కెం కర్రతో ఎత్తి, చెరో మూత బకెట్లో దింపి తాళం వేసేసింది. నేను గొట్టం ఊదుతున్నాను. ఇంతలో గేటు దగ్గర వ్యాను హారన్. పాముల తిండికి వచ్చే, గడ్డకట్టించిన ఎలుకల పార్శిల్ అది. ఎండలో పది నిమిషాలుంటే కరిగి కంపుకొడుతుంది, సంతకం పెట్టి తీసుకోవాలి.

"ఇక్కడ ఇంకొకర్ని ఒంటరిగా వదలను నేను," అంది తనలో తనే. మళ్ళీ హారన్. "ఐదు నిమిషాలు. గొట్టం తప్ప దేన్నీ ముట్టుకోకు."

"మిస్ ఓర్లీన్, నేను మొసలిని..."

"ఆ మొసలి సంగతి నాకు తెలుసు. అది రబ్బరుది."

వెళ్ళింది. నేను గొట్టం ఊదేశాను. మూడు నిమిషాలు మిగిలిపోయాయి. రెండు కార్డుల తొడుగుల్లోకీ నీళ్ళు దిగి అక్షరాలు ఉబ్బుతున్నాయి. పాపం, పాడైపోతాయనుకున్నాను. మంచి బుద్ధే. రెండూ పీకి, ఏసీ గాలికి ఆరబెట్టి, చొక్కా అంచుతో తుడిచి, తొడుగులు దులిపి, ముద్దుగా మళ్ళీ దోపేశాను. ఏది ఎటు ఉండేదో నాకు తెలుసనే అనుకున్నాను. ఆవిడొచ్చి, పెట్టెలు తుడిచి, ఎవరి పెట్టెలో వాళ్ళను తనే దింపింది. కార్డుల వైపు చూడలేదు. నేనూ చెప్పలేదు. చెప్తే తిడుతుంది కదా.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి, గొట్టం మళ్ళీ పూడుకుందేమో చూద్దామని వెళ్ళాను. ఆవిడ ఎలుకల్ని వేడినీళ్ళలో కరిగిస్తోంది. అయ్యాక చేతులు కడుక్కోవడం ఆవిడకి ఊపిరి తీసుకోవడం లాంటిది. ఆ రోజు సబ్బు అందుకోబోతుంటే, ఒక పెట్టెలో నీళ్ళగిన్నె బోర్లా పడి ఉండటం కంటబడింది. పాము అటు మూల ముడుచుకుని ఉంది. తాళం తీసి, చెయ్యి పెట్టి, గిన్నె తీసింది.

ఆ పాముకు ఓర్లీన్ కనపడలేదు. ఎలుక వాసన వేసే ఒక వెచ్చటి వస్తువు కనపడింది.

చప్పుడే లేదు. ఎడమచేతి బొటనవేలి కింద పట్టుకుని, వదలకుండా నమిలింది. ఆ తర్వాత ఆవిడ చేసినవి నేను కళ్ళారా చూశాను, ఒక్క ముక్క కలపడం లేదు. కేక వెయ్యలేదు. చెయ్యి విదల్చలేదు. కుడిచేత్తో కొక్కెం అందుకుని, పాము దవడ కింద ఆనించి, పాలు తాగుతూ నిద్రపోయిన పసిదాన్ని రొమ్ము నుంచి తీసినంత నెమ్మదిగా దాన్ని విడదీసింది. అది పడగెత్తి అటు తిరిగింది. దాన్ని కొక్కెం మీదే లోపల దింపి, తలుపు మూసి, తాళం వేసి, తాళాన్ని రెండుసార్లు లాగి చూసింది. చేతినుంచి నెత్తురు బొట్లు బొట్లుగా పడుతోంది. ఆవిడ గది చుట్టూ చూస్తూ పెదాలు కదిపింది. లెక్క! పంతొమ్మిది అయ్యాకనే నా వైపు తిరిగింది.

"కరిచింది. కార్డు పీకు. బయటికి నడు. ఫోన్ చెయ్యి, కార్డు మీదున్నది ఉన్నట్టు చదువు."

వేలి ఉంగరం లాగి పారేసి, చెయ్యి కదలకుండా చెక్కముక్కకు కట్టించుకుని, వసారాలో కుర్చీలో కూర్చుంది. నేను వంటింట్లోంచి అంబులెన్సుకు చేశాను. తర్వాత దక్షిణాన విరుగుడు మందులు దాచి ఉంచే అగ్నిమాపక దళంవాళ్ళకి చేసి, కార్డు చదివాను: ఆఫ్రికా అడవినాగు. సీసాలు హెలికాప్టర్లో బయలుదేరతాయనీ, గంటన్నరలో జిల్లా ఆసుపత్రి పైకప్పు మీద దిగుతాయనీ చెప్పారు. కార్డు తెచ్చి ఆవిడ చొక్కాకి గుచ్చాను.

"చదివావా?"

"ఉన్నది ఉన్నట్టు."

"మంచివాడివి." ఆ మాట ఇప్పటికీ నాకు అరగదు.

అంబులెన్సులో వచ్చింది రెనాటా. అదీ ఓర్లీన్ బస్సెక్కిన పిల్లే, నాకన్నా రెండు తరగతులు కింద. నేనూ బండెక్కాను. ఆసుపత్రి నలభై నిమిషాల దూరం. పది నిమిషాలు వెళ్ళేసరికి ఓర్లీన్ కనురెప్పలు వాలడం మొదలైంది. మనిషికి నిద్ర రావడం లేదు, రెప్పలు మాత్రం షట్టర్లలా దిగుతున్నాయి. ఏదో చెప్పబోతే నాలుక మడతపడి మాట ముద్దయిపోయింది. రెనాటా గొట్టం, గాలిసంచీ సిద్ధంగా పెట్టుకుని, కార్డు మీదికి వంగింది.

"ఆఫ్రికా అడవినాగు. ఎలా ఉంటుందిరా అది?"

"నల్లగా ఉంటుంది. వీపు మీద ఏమీ..."

కొక్కెం మీద పడగెత్తి అటు తిరిగిన పాము నా కళ్ళముందుకు వచ్చింది. నల్లటి పడగ వెనక ఉంగరం. ఒంటికన్ను.

శనివారం, తడి కార్డులు, నా చొక్కా అంచు.

"రెనాటా, కార్డు తప్పు. కరిచింది ఆసియా నాగు. నేనే కార్డులు తారుమారు చేశాను. మందు మార్చమను."

రెనాటా నా మొహంలోకి చూసింది. చిన్నప్పట్నుంచి నా దోమలూ, సగం మేకా అన్నీ విన్నది అది.

"డ్యూయీ, ఇప్పుడు కాదురా. దయచేసి ఇప్పుడు కాదు."

"కోతలు కాదే! ఒట్టు!"

"నీ ఒట్టు! పోయినేడు మీ అమ్మ మీద ఒట్టేసి ఉడుత చేత డ్రైవింగు చేయించానన్నావు. కార్డు రాతలో ఉంది. మిస్ ఓర్లీన్ స్వయంగా రాసింది. రాసిన మాట కాదని నీ మాట మీద హెలికాప్టర్ని తిప్పమంటావా? తప్పయితే ఈవిడ ఊపిరి ఆగిపోతుంది!"

"తిప్పకపోయినా ఆగిపోతుంది!"

ఇరవై ఏళ్ళుగా నేను పండించిన పంట అంతా ఆ బండిలో ఒకేసారి కోతకొచ్చింది. ఒక్క నిజం చెప్పాను జీవితంలో, దాన్ని తీసుకునేవాళ్ళు లేరు. నా కళ్ళు ధారగా కారిపోతున్నాయి. అంతవరకు నన్నెప్పుడూ అలా చూడలేదేమో, రెనాటా గొంతు తగ్గించింది. ఓర్లీన్ చెవి దగ్గరికి వంగి, "మిస్ ఓర్లీన్, వినపడుతోందా? కార్డు మీద ఆఫ్రికా అని ఉంది. డ్యూయీ ఆసియా అంటున్నాడు. ఏది కరిచింది?" అంది.

రెప్పలు తెరుచుకోలేదు. నోరు కదలలేదు. ఒక క్షణం ఆవిడ వెళ్ళిపోయిందనే అనుకున్నాను. అప్పుడు కుడిచెయ్యి కదిలింది. వేళ్ళు పరుపు మీద పాకుతూ వచ్చి రెనాటా అరచెయ్యి దొరకబుచ్చుకున్నాయి. చూపుడువేలు ఆ అరచేతిలో మెల్లిగా, వణుకుతూ, ఒక సున్నా చుట్టింది. చుట్టి, మళ్ళీ దాని మీదే ఇంకోసారి చుట్టింది.

"ఇదేమిటి?"

"ఒంటికన్ను," అన్నాను. "దాని పడగ మీద మచ్చ."

రెనాటా రేడియో అందుకుంది. అక్కడ రెక్కలు తిరుగుతున్న హెలికాప్టర్లోంచి ఒక పెట్టె దింపి ఇంకో పెట్టె ఎక్కించారట. ఆవిడ ఊపిరి ఆసుపత్రి గేటు దగ్గర ఆగింది. మిగతా దారి రెనాటా గాలిసంచీ నొక్కుతూనే ఉంది, లిఫ్టులో కూడా. మందు ఎక్కాక రెండు రోజులు మరమీద ఊపిరి తీసి, మూడోరోజు ఒక కన్ను సగం తెరిచి, గొట్టం తీయగానే మొదట అడిగింది "తాళం?" అని.

"వేసే ఉందండి," అన్నాను. "పంతొమ్మిదీ ఉన్నాయి. లోపలి తలుపుకున్న అద్దంలోంచి లెక్కపెట్టాను."

తర్వాత నేను చెప్పాల్సింది మొత్తం చెప్పాను. తిట్టలేదు. తిడితే బాగుండేది. పై వారం రాష్ట్రం ఆఫీసుకు ఆవిడే కుడిచేత్తో రిపోర్టు రాసి నాకు చూపించింది. నాలుగు వాక్యాలు. చేతులు కడుక్కోకుండా పెట్టె తెరిచాను. శనివారం ఇంకొకర్ని గదిలో ఒంటరిగా వదిలాను. కార్డులు నా కళ్ళతో సరిచూడలేదు. కాటుకు బాధ్యత నాదే.

"నా పేరేదండీ?"

"నీ పేరెందుకు? గది తాళం ఎవరిది?"

"కార్డులు మార్చింది నేను."

"ఆ గదిలో ఎవడు ఏది ముట్టుకున్నా, ముట్టుకున్నది నేనే. విషాన్ని ఇంట్లో పెట్టుకున్నవాళ్ళకి 'వాడు చేశాడు' అనే మాట ఉండదు. ఆ మాట కావాలనుకుంటే చిలకల్ని పెంచుకోవాలి."

రాష్ట్రం నుంచి ఒకాయన వచ్చి గదంతా సందు సందూ వెతికాడు. వెలుతురు దూరే చీలిక కూడా దొరకలేదు. కానీ ఆవిడ ఎడమ బొటనవేలు బిగుసుకుపోయింది, స్పర్శ లేదు. ఆ చేత్తో ఇక ఒంటరిగా పెట్టె తెరవడానికి లేదన్నాడు. పక్కన రెండో మనిషి ఉండాలి, ఆ మనిషి వెయ్యి గంటలు ఈ పనిలో నేర్చుకుంటూ ఉండాలి. దొరక్కపోతే పాములన్నీ వేరే చోటికి.

ఆయన వెళ్ళాక ఆవిడ వసారాలోకి వచ్చి కూర్చుంది. నేను టోపీ చేతిలో నలుపుతూ నిలబడ్డాను.

"మిస్ ఓర్లీన్, నాకు సగమే వచ్చు."

"తెలుసు. అందుకే ప్రమాదం." నావైపు చూసింది. "మిగతా సగానికి వస్తావా?"

ఇప్పుడు శనివారాలు బుధవారాలు వెళ్తున్నాను. కొక్కెం ఇంకా నా చేతికి రాలేదు. ముందు చేతులు కడగడం, తర్వాత లెక్క, తర్వాత కార్డులు. ఆవిడ లోపలి తలుపు పక్కన స్టూలు మీద కూర్చుని కళ్ళు మూసుకుంటుంది. నేను ఒక్కో పెట్టె ముందూ నిలబడి, కార్డుకు చెయ్యి అడ్డం పెట్టి, పామును చూసి ఎవరో చెప్పాలి. తప్పయితే మొదటి పెట్టె నుంచి మళ్ళీ.

నిన్న నాగుల దగ్గరికి వచ్చాను. ఆవిడ ప్రాణం దాదాపు తీసినది అద్దం అవతల లేచింది, అదే నీళ్ళు పైకి పారినట్టు. దానికి మా ఇద్దరిమీదా కోపం లేదు, దయ లేదు. దానికి పేరు కూడా లేదు. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. అది విసిగి అటు తిరిగింది.

"ఎవరు?" అంది కళ్ళు మూసుకునే.

"ఆసియావాడండి."

"కార్డు తొంగిచూశావా?"

"లేదండి. వాడే చూపించాడు."

"వెయ్యిలో ఎన్ని గంటలయ్యాయి?"

"నలభై ఒకటి. ఇవాళ్టికి చాలా? పోనా?"

"కూర్చో," అంది ఓర్లీన్ స్టకీ. "ఇంకా బడి రాలేదు."